విడుదలైనా కింద కూర్చున్నవాళ్ళు: కొచ్చిన్ యూదుల సమాజమందిరంలో ఒక సమానత్వ పోరాటం

గుడిలోకి రానివ్వకపోతే అది అంటరానితనమని అందరికీ తెలుస్తుంది. మరి లోపలికి రానిచ్చి, కింద కూర్చోబెడితే? ప్రార్థన అందరిదీ ఒకటే, పుస్తకం ఒకటే, దేవుడూ ఒకడే అంటూనే చదవడానికి మాత్రం నిన్ను పిలవకపోతే? దీన్ని ఏ పేరుతో పిలవాలి?

మన మాల మాదిగ పల్లెల నుంచి చర్చికి వెళ్ళిన తాతముత్తాతలను అడిగితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలరు. ముందు వరసలో ఎవరు కూర్చునేవాళ్ళో, బల్ల దగ్గరికి ఎవరు ముందు వెళ్ళేవాళ్ళో, సమాధుల దొడ్డి ఎక్కడ విడిపోయిందో వాళ్ళు మర్చిపోలేదు. కులం హిందూ మతానికి మాత్రమే సంబంధించిన జబ్బు అనుకునేవాళ్ళకు ఇది ఇబ్బందికరమైన విషయం. ఈ వ్యాసంలో మేము చెప్పబోయేది చర్చి గురించి కాదు. కేరళలో కొచ్చిన్ యూదుల గురించి. తాము ఒకప్పుడు బానిసలమని వారం వారం తలుచుకునే జనం, తమ దగ్గర బానిసలుగా ఉండి విడుదలైనవాళ్ళను వందల ఏళ్ళపాటు నేల మీద ఎందుకు కూర్చోబెట్టారు? అక్కడినుంచి వాళ్ళు ఎలా లేచారు? మా ప్రశ్నలు ఇవి రెండే.

ఒక వీధి, మూడు మందిరాలు

తెలుగు బైబిలు చదివినవాళ్ళకు సమాజమందిరం అన్న మాట కొత్త కాదు. సినగాగు అన్నా అదే. కొచ్చిన్ ప్రాంతంలో ఇలాంటివి ఎనిమిది ఉండేవి. మట్టన్‌చేరిలోని యూదుల వీధిలో మూడు: పరదేశి, కడవుంభాగం, తెక్కుంభాగం. ఎర్నాకుళంలో రెండు. పరూరు, చేందమంగళం, మాళ అనే ఊళ్ళలో ఒక్కొక్కటి.

వీటిలో ఎక్కువమంది కట్టుకున్నవి మలబారి యూదులవి. చాలా పాత కాలం నుంచీ ఆ నేల మీద బతికినవాళ్ళు వాళ్ళు. క్రీ.శ. 1000 ప్రాంతంలో భాస్కర రవివర్మ అనే రాజు జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు రాగిరేకుల మీద హక్కులు రాసిచ్చాడు. పల్లకి, గొడుగు, పగటి దీపం వగైరా మొత్తం 72 హక్కులు. ఇవి ఏ దర్జాకు గుర్తులో మనకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఎవరు గొడుగు పట్టాలి, ఎవరు పట్టకూడదు అన్నది కులం నిర్ణయించిన నేల అది. ఆ నిచ్చెనలో పైమెట్టు దొరికిందని చెప్పే పత్రం ఆ రాగిరేకు.

పరదేశి మందిరం 1568లో కట్టారు. 1492లో స్పెయిన్ నుంచి యూదుల్ని వెళ్ళగొట్టాక అక్కడినుంచీ, పోర్చుగల్, బాగ్దాద్ లాంటి చోట్లనుంచీ వచ్చినవాళ్ళది అది. మన తెలుగులో పరదేశి అంటే దిక్కులేనివాడు. కొచ్చిన్‌లో మాత్రం అది దొరతనం చెప్పే మాట. వ్యాపారమూ, రాజుగారి ఆదరమూ, తరువాత డచ్చి కంపెనీతో సంబంధాలూ వాళ్ళను పైన నిలబెట్టాయి. వాళ్ళే తెల్ల యూదులయ్యారు. వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువున్న మలబారి యూదులు నల్ల యూదులయ్యారు. 1760లో గడియారపు గోపురమూ, 1762లో చైనా నుంచి తెచ్చిన చేతిరంగుల పలకల నేలా ఆ సంపదకు సాక్ష్యాలు. ఇప్పటికీ యాత్రికులు వంగి వంగి చూసేది ఆ పలకల్నే. వాటి మీద ఎవరు నిలబడ్డారు, పక్కగదిలో కింద ఎవరు కూర్చున్నారు అని అడిగినవాళ్ళు తక్కువ.

వారం ఎలా నడిచేది

ఏ సమాజాన్నైనా దాని సిద్ధాంతంలో కాదు, దాని వారంలో చూడాలి. యూదుల వారం శనివారం చుట్టూ తిరుగుతుంది. శుక్రవారం పొద్దు గూకగానే షబ్బాత్, అంటే విశ్రాంతి దినం, మొదలవుతుంది. శనివారం చీకటి పడ్డాక ముగుస్తుంది. ఆ మధ్యలో పని చెయ్యరు, నిప్పు ముట్టించరు, వ్యాపారం చెయ్యరు. కొచ్చిన్‌లో మందిరంలోకి చెప్పులు విడిచి వెళ్ళడం ఆచారం. ఇది పడమటి దేశాల యూదుల్లో కనిపించదు, చుట్టూ ఉన్న గుళ్ళనుంచీ మసీదులనుంచీ వచ్చి ఉండాలి. శుక్రవారం రాత్రి ఇంట్లో ద్రాక్షరసం మీద చెప్పే ఆశీర్వాదానికి ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసం వాడుకునేవాళ్ళు.

సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్ళుండాలి. పదికి ఒక్కడు తగ్గినా కొన్ని ప్రార్థనలు చెప్పడానికి వీల్లేదు, తోరా చుట్ట విప్పడానికి వీల్లేదు. మోషే ధర్మశాస్త్రాన్ని 54 భాగాలు చేసి ఏడాదికోసారి మొత్తం చదివేస్తారు. ప్రతి శనివారం ఉదయం ఆ వారపు భాగాన్ని చదివేటప్పుడు ఏడుగురిని ఒకరి తరువాత ఒకరిని పేరుపెట్టి పిలుస్తారు. ఆ పిలుపు అందుకుని చుట్ట దగ్గరికి వెళ్ళడమే ఒక యూదుడికి సమాజంలో సభ్యుడన్న గుర్తింపు. కొచ్చిన్ మందిరాలకు ఇంకో విశేషం ఉంది. నడిమధ్యనున్న వేదిక కాక, మేడమీద ఇంకో వేదిక ఉంటుంది. షబ్బాత్ నాడు తోరా చదివేది అక్కడినుంచే. దాని వెనక జాలీ అవతల ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు.

చదువు విషయంలో ఈ సమాజాన్ని మెచ్చుకోవలసిందే. మందిరాన్ని అంటిపెట్టుకునే బడి ఉండేది. పిల్లలు చిన్నప్పుడే హీబ్రూ అక్షరాలు దిద్ది, వారపు భాగాన్ని రాగంతో అప్పజెప్పేవాళ్ళు. ఆడపిల్లలకూ ఆ చదువు అందింది. ఆడవాళ్ళు మలయాళంలో పాటలు కట్టుకుని, నోటుపుస్తకాల్లో రాసుకుని, పెళ్ళిళ్ళకూ పండగలకూ పాడుకునేవాళ్ళు. ఒకే పాట వేరువేరు మందిరాలవాళ్ళ నోటుపుస్తకాల్లో దొరుకుతుందని పరిశోధకులు చూపించారు. అంటే పాట దాటిన గోడను మనుషులు దాటలేకపోయారన్నమాట.

ఇంకొకటి కూడా గమనించాలి. కొచ్చిన్‌లో స్థిరంగా రబ్బీ అంటూ ఉండేవాడు కాదు. ప్రార్థన నడిపించేదీ, ఎవర్ని పిలవాలో తేల్చేదీ సమాజంలోని పెద్దలే. శాస్త్రం పుస్తకంలో ఉంది, అధికారం పెద్ద కుటుంబాల చేతిలో ఉంది. తరువాతి కథంతా ఈ రెంటి మధ్యలోనే జరిగింది.

విడుదలైనవాళ్ళు ఎవరు

హీబ్రూలో మెషుఖ్రారిమ్ అంటే విడుదలైనవాళ్ళు. యూదుల ఇళ్ళలో బానిసలుగా ఉండి, యూదు మతం తీసుకుని, విడుదల పొందినవాళ్ళూ వాళ్ళ సంతానమూను. యజమానులకు బానిస స్త్రీల వల్ల పుట్టిన పిల్లలు కూడా వీళ్ళలో ఉన్నారు. అంటే పై బెంచీ మీద కూర్చున్నవాడికీ కింద కూర్చున్నవాడికీ కొన్నిసార్లు ఒకే తాత. మలబారి యూదుల్లోనూ ఇలాంటి విభజన ఉండేది. నల్లవాళ్ళని తమను కిందికి తోసినవాళ్ళను చూసి బాధపడ్డవాళ్ళే తమ కిందివాళ్ళను తోశారు. అంబేడ్కర్ చెప్పిన మెట్లమెట్ల అసమానత్వం అంటే ఇదే కదా!

యూదు శాస్త్రంలో ఈ విషయం మీద సందేహానికి చోటు లేదు. విడుదల పత్రమూ, శుద్ధి స్నానమూ అయ్యాక ఆ మనిషి పూర్తి యూదుడు. 16వ శతాబ్దంలోనే ఈ తగాదా కైరోలోని రబ్బీ దావీద్ ఇబ్న్ జిమ్రా దగ్గరికి వెళ్ళింది. కొచ్చిన్‌లో కొందరు తాము వంశం ఉన్నవాళ్ళమనీ, మిగతావాళ్ళు బానిసల సంతతనీ పెళ్ళిసంబంధాలు కలుపుకోవడం లేదని ఫిర్యాదు. స్నానవిధి సరిగా జరిగితే వాళ్ళు యూదులే, పెళ్ళికి అడ్డం లేదని ఆయన తీర్పు. 1882లో యెరూషలేము నుంచి ప్రధాన రబ్బీ చెప్పిందీ అదే. రెండు తీర్పుల మధ్య మూడొందల ఏళ్ళకు పైగా గడిచాయి. మట్టన్‌చేరిలో మాత్రం ఎవరి చోటు మారలేదు.

1686లో ఆమ్‌స్టర్‌డాం నుంచి మోసెస్ పెరేరా ద పైవా అనే యూదుడు వచ్చి కొచ్చిన్‌ను చూసి వెళ్ళాడు. మరుసటేడు అచ్చయిన అతని నివేదికలోనే తెల్లవాళ్ళు నల్లవాళ్ళతో వియ్యమందరని ఉంది. 1768లో పరదేశి పెద్ద, డచ్చి కంపెనీ వర్తకుడు ఎజెకియేల్ రహాబీ ఆమ్‌స్టర్‌డాంకు రాసిన ఉత్తరంలో తమవాళ్ళ చరిత్ర చెప్పుకున్నాడు. ఎవరు అసలు యూదులు, ఎవరు కలిసినవాళ్ళు అన్నది ఆ ఉత్తరంలో పెద్ద విషయం. చరిత్ర రాసే కలం ఎవరి చేతిలో ఉంటే వంశం వాళ్ళదే అవుతుంది. మన దగ్గర స్థలపురాణాలు ఎవరు రాశారో గుర్తు తెచ్చుకుంటే చాలు.

ఇక వారంలో వీళ్ళ చోటు ఏమిటి? పరదేశి మందిరంలో మెషుఖ్రారిమ్ బెంచీల మీద కూర్చోకూడదు. ముందుగదిలోనో గడప దగ్గరో నేల మీద కూర్చోవాలి. కొన్ని కీర్తనలు గొంతెత్తి పాడకూడదు. మామూలు శనివారాల్లో తోరా దగ్గరికి వాళ్ళను పిలవరు. పెళ్ళిసంబంధం మాట అటుంచి, సమాధుల దొడ్డి కూడా వేరే. వారానికి ఏడు పిలుపులు, ఏడాదికి మూడొందల అరవై. అందులో ఒక్కటీ వీళ్ళ పేరు మీద లేదు. తండ్రి పోయినా, కొడుకు పుట్టినా, పండితుడంత చదువున్నా అంతే.

ఇక్కడే మేము ఆగి ఆలోచించాల్సి వచ్చింది. విశ్రాంతి దినాన్ని ఎందుకు ఆచరించాలో బైబిలు రెండుచోట్ల రెండు కారణాలు చెబుతుంది. నిర్గమకాండంలో చెప్పిన కారణం సృష్టి. ద్వితీయోపదేశకాండంలో చెప్పిన కారణం బానిసత్వం. నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావు కాబట్టి నీ దాసుడూ దాసీ నీలాగే ఆ రోజు విశ్రమించాలి అని దాని భావం. శుక్రవారం రాత్రి ఆశీర్వాదంలోనూ ఐగుప్తు విడుదలను తలుచుకుంటారు. ఇవి ఏడాదికోసారి పస్కాకు చెప్పుకుని మరిచిపోయే మాటలు కావు, వారం వారం పెదవుల మీదికి వచ్చేవి. అయినా ఆ మాటకూ గడప దగ్గర కూర్చున్న మనిషికీ మధ్య సంబంధం వాళ్ళకు కనపడలేదు. మంచి వాక్యం పుస్తకంలో ఉన్నంత మాత్రాన మనిషి లేవడు. ఆ వాక్యాన్ని తన హక్కుగా పట్టుకుని ఎవడో ఒకడు లేవాలి.

అవో వెళ్ళిపోయాడు

మొదట లేచింది అవో అనే మనిషి. 19వ శతాబ్దం మధ్యలో ఆయన నాయకత్వంలో కొందరు మెషుఖ్రారిమ్ పరదేశి మందిరాన్ని విడిచి, బ్రిటిషువాళ్ళ పాలనలో ఉన్న ఫోర్ట్ కొచ్చిన్‌కు వెళ్ళి సొంతంగా ప్రార్థన పెట్టుకున్నారు. అధికారులకు అర్జీలు పెట్టుకున్నారు. బ్రిటిషు దొరలు సమానత్వం ఇస్తారని నమ్మినవాళ్ళకు అప్పటికీ ఇప్పటికీ ఒకటే అనుభవం. ఆచారాల్లో తలదూర్చబోమన్నారు, పాత ఏర్పాటే నిలిచింది. తరువాత అంటురోగం వచ్చి అవోతో సహా కొందరు చచ్చిపోయారు. మిగిలినవాళ్ళు తిరిగి వచ్చి మళ్ళీ అదే నేల మీద కూర్చున్నారు. రోగాన్ని ఎదిరించినవాళ్ళకు పడిన శిక్షగా ఎవరు ప్రచారం చేసుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

సేలం లోపలే ఉండిపోయాడు

ఆ వంశంలోనే 1882లో అబ్రహాం బరాక్ సేలం పుట్టాడు. మద్రాసులో చదివి లాయరయ్యాడు. తన సమాజంలో పట్టా పుచ్చుకున్న మొదటివాడు. 1925లో కొచ్చిన్ శాసనసభకు వెళ్ళాడు. ఎర్నాకుళంలో మైదానపు గట్టు మీద నిలబడి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. కార్మిక సంఘాల పక్షాన మాట్లాడాడు. 1929 లాహోర్ కాంగ్రెసుకు వెళ్ళి వచ్చాడు. దేశమంతా తిరిగి స్వరాజ్యం గురించి మాట్లాడిన ఆ మనిషి శనివారం పొద్దున మందిరానికి వెళితే, చోటు నేల మీదే.

సేలం వదిలి వెళ్ళలేదు. అవో దారి ఎక్కడ ముగిసిందో ఆయనకు తెలుసు. కింది వేదికకూ మేడమీది వేదికకూ మధ్యనున్న మెట్ల మీద కూర్చుని ప్రార్థన చేశాడు. తోరా చదివేది మేడమీద. అక్కడికి వెళ్ళే దారి అదే. అంటే హక్కుకు అడ్డంగా ఉన్న చోటే ఆయన కూర్చున్నాడు. మందిరం ముందు నిరాహారదీక్ష చేస్తానని హెచ్చరించాడు. 1929లో ‘ఎటర్నల్ లైట్’ అనే పేరుతో ఆ మందిరం మీద చిన్న పుస్తకం అచ్చేశాడు. తన పిల్లలు కూర్చోబోయే చోటు కోసం ఏళ్ళ తరబడి తగువు పెట్టుకున్నాడు.

ఇది ఎప్పటి మాట? 1924-25లో వైకం. అక్కడ గుడి లోపలికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం సత్యాగ్రహం. 1927లో మహద్ చెరువు. 1930లో నాసిక్‌లో కాలారాం గుడి. 1931లో గురువాయూరు. మట్టన్‌చేరిలో పరదేశి మందిరం, రాజుగారి కోటలోని భగవతి గుడి పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలోకి పులయలకు ప్రవేశం లేదు, రెండోదానిలో విడుదలైనవాళ్ళకు బెంచీ లేదు. మతాలు రెండైనా మర్యాద ఒకటే. తిరువాన్కూరులో 1936లో ఆలయప్రవేశ ప్రకటన వస్తే, కొచ్చిన్ రాజ్యంలో 1947 దాకా రాలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మెషుఖ్రారిమ్‌నూ పులయల్నూ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. రోడ్డు మీద నడిచే హక్కు కూడా లేని జనం బాధ వేరు. 1893లో అయ్యంకాళి ఎడ్లబండెక్కి వీధిలో తిరిగితేనే గొడవలయ్యాయి. సేలంకు కోర్టుకు వెళ్ళే దారి, శాసనసభకు వెళ్ళే దారి తెరిచి ఉన్నాయి. కానీ పుట్టుకను బట్టి చోటు అనే సూత్రం రెండుచోట్లా ఒకటే.

సేలంను చాలామంది యూదు గాంధీ అంటారు. మెచ్చుకోలుగానే అంటారు కాని, మాకు ఆ పేరు సరిపోదనిపిస్తుంది. గాంధీగారి హరిజనోద్ధరణలో పైకులాలవాళ్ళ మనసు మారాలి, వాళ్ళు తలుపు తియ్యాలి. సేలం కథలో బాధ పడ్డవాడే లేచాడు, శాస్త్రాన్ని తానే చదివి తనకు రావాల్సిందేదో తానే చెప్పాడు. ఎవరి మనసూ మారేదాకా ఆగలేదు. ఉపవాసం అనే పద్ధతి గాంధీది కావచ్చు. నిలబడ్డ చోటు మాత్రం మహద్ చెరువు గట్టుకు దగ్గర.

గెలిచింది ఏమిటి

గెలుపు ఒక్కరోజు రాలేదు. 1930ల్లో మెషుఖ్రారిమ్‌కు బెంచీల మీద కూర్చునే హక్కు వచ్చింది. అది కూడా వెనకా పక్కనా. 1937లో అక్కడికి వచ్చి, 1939లో ఈ సమాజం జీవన విధానం మీద వ్యాసం రాసిన అమెరికా మానవశాస్త్రవేత్త డేవిడ్ మాండెల్‌బామ్‌కు కనిపించింది ఈ మధ్యకాలపు స్థితే. తోరా దగ్గరికి పిలుపు 1940ల్లో వచ్చింది. పెళ్ళి అన్నిటికంటే ఆలస్యం. 1950లో సేలం కొడుకు తెల్ల యూదుల అమ్మాయిని చేసుకున్నప్పుడు ఆ పెళ్ళి కొచ్చిన్‌లో జరగలేదు, బొంబాయిలో జరిగింది. ముందు బెంచీ, తరువాత పుస్తకం, చివరికి పిల్ల. కులం ఏ వరసలో వదులుకుంటుందో చూడండి. అంబేడ్కర్ కులనిర్మూలనకు అసలు మందు కులాంతర వివాహమేనని ఎందుకన్నాడో ఈ వరసే చెబుతుంది.

ఈలోగా చరిత్ర ఇంకో మలుపు తిరిగింది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. సుమారు 2,500 మంది కొచ్చిన్ యూదుల్లో ఎక్కువమంది 1950ల మధ్యకల్లా అక్కడికి వెళ్ళిపోయారు. నెగెవ్ ఎడారి అంచున నెవాటిం, యెరూషలేము దారిలో మెసిల్లత్ సియోన్ లాంటి గ్రామాల్లో వ్యవసాయం చేసుకున్నారు. ఆ ప్రయాణం గురించి మాట్లాడి రావడానికి ఇజ్రాయెల్ వెళ్ళినవాళ్ళలో సేలం ఒకడు. కానీ తాను కొచ్చిన్‌లోనే ఉండి 1967లో చనిపోయాడు. మరుసటేడు మందిరం నాలుగొందల ఏళ్ళ పండగకు ప్రధాని ఇందిరాగాంధీ వచ్చారు, తపాలా బిళ్ళ వేశారు. కడవుంభాగం మందిరపు లోపలి చెక్కపని యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియానికి చేరింది. మట్టన్‌చేరిలో మిగిలిన దాని గోడలు 2019 వానలకు కూలాయి.

పరదేశి మందిరంలో మాత్రం జనం పలచబడుతూ వచ్చారు. పదిమంది మగవాళ్ళు లేక, ఎర్నాకుళం నుంచి మలబారి యూదులో, దేశాలు తిరిగే యాత్రికులో వస్తే తప్ప ప్రార్థన పూర్తి కాని రోజులు వచ్చాయి. వందల ఏళ్ళు ఎవర్ని లెక్కలోకి రానివ్వలేదో, చివరికి ఆ లెక్క సరిపోవడానికే మనుషులు దొరకలేదు. ఇది శాపం అని మేము అనడం లేదు. వలసే అసలు కారణం. కానీ పెళ్ళిని వందమంది మధ్య బిగించుకున్న సమాజం ఎంతకాలం నిలుస్తుంది?

మన ముందున్న ప్రశ్న

అవో బయటికి వెళ్ళాడు, సేలం లోపల కూర్చున్నాడు. అంబేడ్కర్ ఈ రెండూ చూశాడు. 1930లో కాలారాం గుడి ముందు కూర్చున్నాడు, 1935లో యేవలాలో ఆ మతంలో చావనని చెప్పాడు, 1956లో నాగపూరులో బౌద్ధం తీసుకున్నాడు. లోపల పోరాడటమా, బయటికి నడవటమా అన్నది పిరికితనానికీ ధైర్యానికీ మధ్య ఎంపిక కాదు. ఎక్కడ శాస్త్రం మన పక్షాన ఉందో అక్కడ లోపల పోరాడటానికి ఒక పట్టు దొరుకుతుంది. సేలంకు అది దొరికింది. శాస్త్రమే అంటరానితనాన్ని రాసిన చోట ఆ పట్టు ఎక్కడుంది?

మన తెలుగునేల మీద మూడో దారి కూడా ఒకటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు 1990ల మొదట్లో బాప్టిస్టు సంఘం నుంచి తప్పుకుని, తాము ఎఫ్రాయీము గోత్రపు యూదులమని చెప్పుకుని మందిరం పెట్టుకున్నాయి. బెనె ఎఫ్రాయీమ్ అని వాళ్ళ పేరు. శుక్రవారం సాయంత్రం కూడుతారు, హీబ్రూ నేర్చుకుంటారు. వాళ్ళ మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. వీళ్ళు నిజంగా యూదులా అని నవ్వేవాళ్ళున్నారు. మేము ఆ తగువులోకి వెళ్ళం. ఒకటి మాత్రం అడుగుతాం. వంశం చూపించు అని ఆ కూలివాళ్ళను అడిగే నోరు, కొచ్చిన్‌లో విడుదలైనవాళ్ళను కింద కూర్చోబెట్టిన నోరు ఒకటి కాదా?

మతం ఏదైనా కానివ్వండి, దాని సమానత్వాన్ని పండగ ఉపన్యాసంలో కాదు, మామూలు వారంలో కొలవాలి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, చదవడానికి ఎవరిని పిలిచారు, పిల్లకు బడిలో ఎవరి పక్కన చోటిచ్చారు, చనిపోతే ఎక్కడ పెట్టారు. ఈ నాలుగూ అడిగితే చాలు. సేలం తన జీవితంలో సగం మెట్ల మీద ఖర్చుపెట్టింది ఈ చిన్న ప్రశ్నల కోసమే. అవి చిన్నవని పైన కూర్చున్నవాళ్ళే అంటారు.